రెండు పట్టీలు, ఒక్క కవరు

ఎనుమాముల మార్కెట్ రెండో గేటుకు ఎదురుంగ
మా మెడికల్ షాపు షట్టరు
మబ్బుల ఐదింటికే లేస్తది.
మిర్చి సీజన్ల ముందుగాల అమ్ముడువోయేది
తుమ్ముల గోళీ గాదు,
నొప్పుల గోళీ.

చీటీ ఉండదు. పేరు గూడ అడగరు.
"అన్నా, ఎర్రయి రెండియ్యి" అంటరు.
కత్తెరతోని పట్టీ కోసి ఇస్త.
పద్నాలుగేండ్ల సంది కోస్తాన.
నా బొటనవేలు మీది కాయ
హమాలీ భుజం మీది కాయకు సుట్టమే.

దామెర ఓదెలు చపాటా బస్తాలు మోస్తడు.
బస్తీ దవఖానల ఫిరీగ ఇచ్చిన బీపీ గోళీ
పొద్దుగాల ఛాయ్‌తోని ఏస్కుంటడు,
ఒక్కనాడు తప్పడు.
ఎర్రది సద్ది తిన్నంక ఒకటి,
మాపటీలి లారీ నిండినంక ఒకటి.

ఆ మాఘమాసం సిస్టర్ స్వరూప
జబ్బకు పట్ట సుట్టింది.
పైన నూట డెబ్బై, కింద నూట నాలుగు.
"గోళీ మింగుతలేవు నువ్వు."
"పోశమ్మ తోడు, మింగుతాన."
డాక్టరు ఒకటిని రెండు జేసిండు.
ఒంట్ల నీరు పోయేటందుకు ఇంకోటి కలిపిండు.
ఉప్పు తగ్గియ్యమన్నడు.
ఇంట్ల తొక్కు బందయింది.
సారక్క కూరల ఉప్పేసుడు
మర్శిపోయినట్టు జేసింది.
అయినా చెప్పు పట్టీ కింద
ఉబ్బిన పాదం మీద గాడి
పడుతనే ఉన్నది.

ఇంకేం మింగుతానవని
ఎవ్వలు అడగలే.
ఆయన చెప్పలే.
ఎర్రది మందని ఆయన అనుకుంటేగదా!
అది పనిముట్టు,
తలగుడ్డ లెక్క, బస్తా గుంజే కొక్కెం లెక్క.

దవఖానల స్టాకు లేదని
ఆ నెల బీపీది గూడ నా దగ్గర్నే కొన్నడు.
రెండు పట్టీలు ఒక్క కవర్ల ఏసిన.
డిప్లమా పరీక్షకు బట్టీ పట్టి
ఆ తెల్లారే మర్శిన ఒక వాక్యం
లేశొచ్చి నా చెయ్యి వట్టుకున్నది.

"ఓదెలన్నా,
నువ్వు లారీల బస్తాలు దింపుతాంటే
అటుదిక్కు నుంచి ఇంకొకడు
అవే బస్తాలు ఎక్కిస్తాంటే ఎట్లుంటది?
బీపీది దింపేటోడు. ఎర్రది ఎక్కిచ్చేటోడు.
ఉప్పును, నీళ్లను ఒంట్లనే ఆపుతది.
ఇద్దరి నడుమ అరిగేది కాంటా.
కాంటా అంటే నీ కిడ్నీలు."

ఆయన నవ్విండు. నవ్వు సగంల ఆగింది.
"అంటే ఇన్నొద్దుల సంది
ఇద్దరికీ కూలి నేనే కడుతాన్ననా?"
జరసేపు గేటు దిక్కు చూసిండు.
"ఆ ఎక్కిచ్చేటోణ్ని ఎల్లగొడితే
నా బస్తా ఎవడు లేపాలె?"

దానికి నా అరల మందు లేదు.
తెల్లది తీసి ఇచ్చిన.
"గిది జరం గోళీ గదనే. నొప్పి పోతదా?"
"సగం పోతది."
"మిగిలిన సగం?"

కవరు ఎనుక రాసిన:
ఎర్ర గోళీ, రోజుకు రెండు, మూడేండ్ల సంది.
డాక్టరుకు చూపెట్టమన్న.
చీటీ ఎప్పుడైనా దవఖాన నుంచి షాపుకొస్తది.
మొదటిసారి అటు పోయింది.
అడుగున నా పేరు రాయలే.
మూడేండ్లు అమ్మినోని పేరది.

నెలకు పైన నూట నలభై ఆరు.
చెప్పు పట్టీ వదులైంది.
యాభై బస్తాల చెయ్యి ముప్పైకి దిగింది.
సారక్క తొక్కుల
సిటికెడు ఉప్పేసి, దాని కూలిలెక్కలు
నోట్లె నోట్లె లెక్కవెట్టుకుంటాందట.

ఇయ్యాల మబ్బుల
ములుగు రోడ్డు నుంచి వరుసగ ఆరు లారీలు.
షట్టరు సగం లేసేసరికే
ఓదెలు మెట్ల మీద.
"ఒక్కటే. ఒక్క పూటకే."

కత్తెర బల్ల మీదున్నది.
ఆయన కత్తెర దిక్కు చూస్తాండు,
నేను
ఆయన చెప్పు పట్టీ దిక్కు.